పన్నెండు లక్షల పౌండ్ల పొగరు

1992 నవంబరులో ఒకరోజు మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ చైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్‌కు లీడ్స్ యునైటెడ్ నుంచి ఫోన్ వచ్చింది. డెనిస్ ఇర్విన్ అనే డిఫెండర్‌ని తమకు అమ్ముతారేమో కనుక్కుందామని చేశారు. ఇర్విన్‌ని ఇచ్చే ప్రసక్తే లేదు. ఆ సమయానికి మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ ఆ గదిలోనే ఉన్నాడు. ఫోన్లో మాటలు ఇంకా సాగుతుండగానే చీటీ మీద ఓ పేరు రాసి చైర్మన్ ముందుకు జరిపాడు. ఎరిక్ కాంటొనా. అతన్ని ఇస్తారేమో అడగమని.

అడిగారు. లీడ్స్ కాదనలేదు. నవంబరు నెల పూర్తికాకుండానే 12 లక్షల పౌండ్లకు బేరం ముగిసింది. ఆ వేసవిలోనే అలన్ షియరర్ అనే కుర్రాడి కోసం బ్లాక్‌బర్న్ రోవర్స్ 30 లక్షల పౌండ్లకు పైగా పోసింది. షియరర్ తనకు దక్కాలని ఫెర్గూసన్ ఎంతో ఆశపడ్డాడు కూడా. ఆ లెక్కన, అంతకుముందు సీజన్‌లో ఇంగ్లండ్ లీగ్ గెలిచిన జట్టులోని ఫార్వర్డ్ కారుచౌకగా దొరికినట్టే. ఎందుకంత చౌకగా వచ్చాడో ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ చూసే ఎవరినడిగినా చెప్పేవారు.

కాంటొనా 1966లో మార్సెయ్‌లో పుట్టాడు. ఓసేర్ అనే చిన్న ఊరి క్లబ్‌లో ఆట నేర్చాడు. 1987లో సొంత జట్టు గోల్‌కీపర్ బ్రూనో మార్టిని మొహం మీద గుద్ది జరిమానా కట్టాడు. మరుసటి ఏడాది నాంట్ జట్టు ఆటగాడి మీదికి కాలెత్తి దూకి సస్పెండయ్యాడు. ఇంత జరిగినా అదే ఏడాది మార్సెయ్ క్లబ్ 2 కోట్ల 20 లక్షల ఫ్రాంకులిచ్చి కొనుక్కుంది. అప్పటికి ఫ్రాన్స్‌లో అదే రికార్డు ధర. వచ్చి నాలుగు రోజులైనా కాకముందే, జాతీయ జట్టు నుంచి తప్పించాడన్న కోపంతో కోచ్ హెన్రీ మిషెల్‌ని టీవీ కెమెరా ముందు అచ్చు వేయలేని బూతు తిట్టాడు. ఏడాది పాటు దేశం తరఫున ఆడకుండా వేటు పడింది. 1989 జనవరిలో మాస్కో జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్. మధ్యలో తనను బయటికి పిలిచారని బంతిని జనంలోకి తన్ని, జెర్సీ విప్పి నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. మార్సెయ్‌కి ఓపిక నశించి ముందు బోర్డోకు, తర్వాత మాంపెలియే అనే చిన్న క్లబ్‌కు అద్దెకిచ్చేసింది.

మాంపెలియేలో జరిగిందాని దగ్గర కాస్త ఆగాలి. అక్కడ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక సహచరుడి ముఖాన బూట్లు విసిరికొట్టాడు. కాంటొనాని ఇంటికి పంపాల్సిందేనని ఆరుగురు ఆటగాళ్లు పట్టుబట్టారు. లారెంట్ బ్లాంక్, కార్లోస్ వాల్డెరామా లాంటి పెద్ద ఆటగాళ్లు అతని పక్షాన నిలబడ్డారు. క్లబ్ పది రోజులు దూరంగా ఉంచి మళ్లీ పిలిచింది. ఆ సీజన్ చివర, అంటే 1990లో, మాంపెలియే ఫ్రెంచ్ కప్ గెలిచింది. ఆ ఏడాది తన్ని తగలేసిన క్లబ్బులకు దక్కని కప్పు, తిట్టుకుంటూనైనా ఉంచుకున్న క్లబ్‌కి దక్కింది. ఆ వివరం మాత్రం ఎవరికీ పట్టలేదు. బూట్ల కథ ఒక్కటే ఊరూరా తిరిగింది.

1991 డిసెంబరులో నీమ్ క్లబ్‌కి ఆడుతూ రిఫరీ మీదికి బంతి విసిరాడు. క్రమశిక్షణ సంఘం విచారణకు పిలిచి ఒక నెల నిషేధం వేసింది. అంతటితో ఊరుకుంటే కాంటొనా ఎలా అవుతాడు? సంఘం సభ్యుల దగ్గరికి ఒక్కొక్కరిగా వెళ్లి, ప్రతివాడి ముఖం మీదా ఇడియట్ అని అనేసి వచ్చాడు. నెల కాస్తా రెండు నెలలైంది. ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు.

అప్పటి ఫ్రాన్స్ కోచ్ మిషెల్ ప్లాటినీ నచ్చజెప్పి, ఫ్రాన్స్ వదిలి ఇంగ్లండ్ వెళ్లమన్నాడు. 1992 జనవరిలో షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్‌కి వచ్చాడు. మంచు కురిసి మైదానం గడ్డకట్టడంతో, లోపల కృత్రిమ పచ్చిక మీద ఆడించి చూశారు. సరిగా తేల్చుకోలేకపోయామని, ఇంకో వారం ఉంటే అసలు మైదానం మీద చూస్తామని అన్నారు. ఫ్రాన్స్ జాతీయ జట్టు ఫార్వర్డ్‌కి ఈ పరీక్ష ఎంత అవమానంగా తోచిందో ఊహించుకోవచ్చు. బయటికొచ్చాడు. పక్కనే ఉన్న లీడ్స్ వెంటనే పట్టుకుంది. మూడు నెలల్లో లీడ్స్ లీగ్ విజేత. అతను ఆడింది 15 మ్యాచ్‌లు, కొట్టింది 3 గోల్స్. అయినా లీడ్స్ జనం అతని పేరు పాటలు కట్టి పాడుకున్నారు. ఆగస్టులో లివర్‌పూల్ మీద చారిటీ షీల్డ్ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. అయితే లీడ్స్ మేనేజర్ హోవర్డ్ విల్కిన్సన్ పద్ధతి మనిషి. పొడవాటి పాసులు, పరుగు, కష్టం, ఇదీ అతని ఆట. ఆ చట్రంలో కాంటొనా ఇమడలేదు. బెంచీ మీద కూర్చోబెడితే ముఖం మాడ్చుకునేవాడు. నవంబరుకల్లా వ్యవహారం తెగేదాకా వచ్చింది. ఫెర్గూసన్ చీటీ రాసింది ఆ సమయంలో.

ఇక్కడ ఫెర్గూసన్ అవసరమూ చూడాలి. మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ గెలిచి అప్పటికి పాతికేళ్లు. చివరిసారి గెలిచింది 1967లో. అంతకుముందు సీజన్‌లో చివరి వారాల్లో తడబడి టైటిల్‌ని ఇదే లీడ్స్‌కి జారవిడుచుకుంది. షియరర్ దక్కలేదు. కొత్తగా తెచ్చుకున్న డయాన్ డబ్లిన్ కాలు విరిగింది. జట్టులో వేగం ఉంది, గట్టి డిఫెన్స్ ఉంది. గోల్స్ మాత్రం రావడం లేదు. కుదురుగా బంతి పట్టుకుని ఎప్పుడు ఎవరికి ఇవ్వాలో తెలిసిన మనిషి కావాలి. ఆ సీజన్ మొదట్లో లీడ్స్‌తో ఆడి వచ్చాక, యునైటెడ్ డిఫెండర్లు స్టీవ్ బ్రూస్, గ్యారీ పాలిస్టర్ స్నానాల దగ్గర కాంటొనా గురించే మాట్లాడుకోవడం విన్నానని ఫెర్గూసన్ తర్వాత చెప్పుకున్నాడు. ఎదుట నిలబడి ఆపాల్సినవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్‌కి మించింది లేదు.

కొత్త ఆటగాడు వచ్చిన తొలిరోజుల్లోనే ఒక వింత కోరిక కోరాడు. ప్రాక్టీసు ముగిసి అందరూ బట్టలు మార్చుకోవడానికి పోతుంటే, తనకు ఇద్దరు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్ కావాలన్నాడు. ఎందుకు అంటే, ఇంకొంచెం ప్రాక్టీసు చేసుకోవడానికి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫైళ్లన్నీ ఇతను దేనికీ లొంగడని చెబుతున్నాయి. ఇక్కడ చూస్తే బంతితో గంటల తరబడి ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తున్నాడు. కొన్నాళ్లకు కుర్రాళ్లూ ఇంటికి వెళ్లకుండా ఆగడం మొదలైంది. బెక్‌హామ్, స్కోల్స్, గిగ్స్, నెవిల్ సోదరులు అప్పుడు ఎదుగుతున్న తరం. కాంటొనా చేసిన మేళ్లలో గోల్స్ కంటే ముందు ఈ ప్రాక్టీసు సంగతే ఫెర్గూసన్ తన ఆత్మకథలో చెప్పుకొచ్చాడు.

ఫెర్గూసన్ మెత్తటి మనిషేమీ కాదు. ముఖానికి దగ్గరగా వచ్చి అరిస్తే జుట్టు ఆరబెట్టే యంత్రం ముందు నిలబడ్డట్టు ఉండేదని ఆటగాళ్లు చెప్పుకునేవారు. తాగుడు మానని ఇద్దరు మంచి ఆటగాళ్లు పాల్ మెక్‌గ్రాత్, నార్మన్ వైట్‌సైడ్‌లను 1989లో అమ్మేశాడు. అలాంటివాడు కాంటొనా విషయంలో వేరే చట్టం పెట్టాడు. టౌన్ హాల్లో ఒక సన్మానానికి అందరూ సూట్లు, టైలతో రావాలని హుకుం. కాంటొనా మామూలు క్రీడా బూట్లతో వచ్చాడు. ఫెర్గూసన్ ఒక్క మాట అనలేదని సహచరులు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. నవ్వుతూ అన్నది గమనించాలి. జట్టు లోలోపల రగిలిపోతుంటే ఈ పక్షపాతం నెల రోజులు కూడా నిలిచేది కాదు. ఆదివారం మ్యాచ్ గెలిపించేవాడు సోమవారం ఏం తొడుక్కొచ్చాడన్నది వాళ్లకు అనవసరమైంది.

1993 మేలో 26 ఏళ్ల కరువు తీరింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ సీజన్‌లో యునైటెడ్ వెనక రెండో స్థానంలో నిలిచింది ఆస్టన్ విల్లా. ఆ జట్టు డిఫెన్స్‌కి ప్రాణం, ఫెర్గూసన్ పనికిరాడని పంపేసిన పాల్ మెక్‌గ్రాత్. విల్లా అతన్ని 4 లక్షల పౌండ్లకు తెచ్చుకుంది. మోకాళ్లు పాడైపోయి ప్రాక్టీసుకే రాలేని మనిషిని, తాగుడుతో పోరాడుతున్న మనిషిని మ్యాచ్ రోజుకి మాత్రం సిద్ధం చేసి దింపేది. ఇంగ్లండ్ ఆటగాళ్లందరూ ఓటేసి ఎన్నుకునే ఆ ఏటి మేటి ఆటగాడు అతనే అయ్యాడు. అంటే ఒక మేనేజర్ భరించలేక వదిలించుకున్నవాడిని ఇంకొకరు నిలబెట్టారు. ఇంకొకరు వదిలించుకున్నవాడిని ఆ మొదటి మేనేజర్ నిలబెట్టాడు. ఇక కాంటొనాని వదులుకున్న లీడ్స్ ఆ సీజన్‌లో 17వ స్థానానికి పడిపోయింది. సొంత మైదానం దాటి ఒక్క లీగ్ మ్యాచ్ కూడా గెలవలేదు.

మరుసటి సీజన్‌లో యునైటెడ్ లీగ్, ఎఫ్.ఎ. కప్ రెండూ గెలిచింది. కాంటొనా అన్ని పోటీల్లో కలిపి 25 గోల్స్ కొట్టాడు, ఆటగాళ్ల ఓటుతో మేటి ఆటగాడయ్యాడు. మనిషి మారాడా అంటే లేదు. లీడ్స్‌లో ఒక అభిమాని మీద ఉమ్మి జరిమానా కట్టాడు. ఇస్తాంబుల్‌లో ఆట అయిపోయాక రిఫరీతో గొడవపడి రెడ్ కార్డు చూశాడు. 1994 మార్చిలో నాలుగు రోజుల వ్యవధిలో రెండుసార్లు మైదానం నుంచి బయటికి పంపారు. గెలుస్తున్నారు కాబట్టి ఇవన్నీ ఖర్చు కింద రాసుకున్నారు.

ఆ ఖాతా 1995 జనవరి 25 రాత్రి ఒక్కసారిగా తిరగబడింది. లండన్‌లో సెల్‌హర్స్ట్ పార్క్ మైదానం, క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్. రెండో సగం మొదట్లోనే తనను అంటిపెట్టుకుని ఆడుతున్న డిఫెండర్‌ని తన్ని రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. బయటికి నడుస్తున్నాడు. ఒక ప్రేక్షకుడు మెట్లన్నీ దిగి కంచె దాకా వచ్చి, అతని దేశాన్ని కలిపి బూతులు తిట్టాడు. కాంటొనా కంచె మీదుగా ఎగిరి అతని గుండెల మీద తన్నాడు. లేచి పిడికిలి కూడా విసిరాడు.

దీన్ని సమర్థించడానికి ఏమీ లేదు. తిట్టినవాడిదీ తప్పే, కోర్టు అతనికీ శిక్ష వేసింది. కానీ డబ్బిచ్చి ఆట చూడడానికొచ్చిన మనిషి మీద ఆటగాడు కాలెత్తడం, దాన్ని తర్వాత టీషర్టుల మీద అచ్చేసి వీరగాథలా అమ్ముకోవడం, రెండూ రోతే. యునైటెడ్ తనంతట తాను సీజన్ చివరిదాకా సస్పెండ్ చేసి 20 వేల పౌండ్ల జరిమానా వేసింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆ నిషేధాన్ని సెప్టెంబరు 30 దాకా పొడిగించి ఇంకో 10 వేలు కలిపింది. క్రాయిడన్ కోర్టు మొదట రెండు వారాల జైలు అంది. అప్పీలులో అది 120 గంటల సమాజ సేవగా మారింది. ఆ తీర్పు వచ్చాక విలేకరులు కిక్కిరిసిన గదిలో కూర్చుని, చేపల పడవ వెంటపడే కడలి కాకుల గురించి ఒక్క వాక్యం చెప్పి లేచిపోయాడు కాంటొనా. పత్రికలవాళ్లే ఆ కాకులని అర్థమవడానికి అందరికీ కొంత సమయం పట్టింది. సమాజ సేవ కింద మాంచెస్టర్ పరిసరాల పిల్లలకు ఆట నేర్పించాడు.

అతను లేని ఆ నెలల్లో యునైటెడ్ ఒకే ఒక్క పాయింటు తేడాతో లీగ్‌ని బ్లాక్‌బర్న్‌కి పోగొట్టుకుంది. ఎఫ్.ఎ. కప్ ఫైనల్లోనూ ఎవర్టన్ చేతిలో ఓడింది. పోగొట్టుకున్న టైటిళ్ల ముందు 12 లక్షల పౌండ్లు ఒక లెక్కా?

ఆగస్టులో ఇంకో చిక్కొచ్చింది. నిషేధంలో ఉండగానే తలుపులు మూసి ఆడిన ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో పాల్గొన్నాడని ఫుట్‌బాల్ సంఘం వివరణ అడిగింది. కాంటొనాకి విసుగెత్తింది. ఇక ఇంగ్లండ్‌లో ఉండనని పారిస్ వెళ్లిపోయాడు. ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ కాచుక్కూర్చుంది. అమ్మేస్తే యునైటెడ్‌కి డబ్బూ వచ్చేది, తలనొప్పీ పోయేది. పైగా ఆ వేసవిలో ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్ అనే ముగ్గురు ముఖ్య ఆటగాళ్లనీ అప్పటికే వదులుకున్న ఫెర్గూసన్‌ని ఇంకొకడు పోయాడని ఎవరూ కొత్తగా తప్పు పట్టేవారు కాదు.

ఫెర్గూసన్ పారిస్ విమానం ఎక్కాడు. హోటల్ ముందు విలేకరుల కాపలా. వంటగది గుండా వెనక తలుపు నుంచి బయటికి తీసుకెళ్లారు. అక్కడ ఒక మోటార్ సైకిల్ సిద్ధంగా ఉంది. 53 ఏళ్ల స్కాట్లండ్ పెద్దమనిషి హెల్మెట్ పెట్టుకుని వెనక సీట్లో కూర్చుని పారిస్ సందుల్లో దూసుకుపోయాడు. ఒక రెస్టారెంటు యజమాని మిగతావాళ్లెవరినీ రానివ్వకుండా వీళ్ల కోసమే ఉంచాడు. అక్కడ ఎక్కువసేపు పాత మ్యాచ్‌ల గురించి మాట్లాడుకున్నారట. కాంటొనా తిరిగొస్తానన్నాడు.

అందరూ 1992 నాటి చీటీని ఫెర్గూసన్ ఆడిన జూదం అంటారు. నిజానికి అప్పుడు పోయేదేముంది? చౌక ధర, వదిలించుకోవాలని చూస్తున్న అమ్మకందారు, కుదరకపోతే ఆరు నెలల్లో ఇంకొకరికి అంటగట్టవచ్చు. అసలు జూదం ఆ మోటార్ సైకిల్ ప్రయాణం. అప్పటికి కాంటొనా ఏం చేయగలడో లోకమంతా టీవీలో చూసింది. ఇంకోసారి అలాంటిది జరిగితే మాట పడాల్సింది ఆటగాడు కాదు, మేనేజర్.

చౌకగా కొనడం వేరు, కొన్నవాడికి ఆటలో చోటిచ్చి వెంట నిలబడడం వేరు. ఈ తేడా తెలియక దెబ్బతిన్న క్లబ్బులున్నాయి. 2014 వేసవిలో లివర్‌పూల్ 1 కోటి 60 లక్షల పౌండ్లిచ్చి మారియో బాలొటెల్లిని కొంది. మాంచెస్టర్ సిటీలో ఉండగా ఇంటి స్నానాల గదిలో టపాసులు పేలి నిప్పంటుకున్న కథ అతనిది. ప్రతిభకు కొదవలేదు. కానీ లివర్‌పూల్ ఆట అంతా ఎదుటివాళ్లను పరుగెత్తి తరమడం మీద నడిచేది. బాలొటెల్లి అలా పరిగెత్తడని అందరికీ తెలుసు. కోరుకున్నవాళ్లు దొరక్క, చివర్లో మిగిలినవాడిని తెచ్చుకున్నారు. 16 లీగ్ మ్యాచ్‌లు, ఒకే ఒక్క గోల్. అదే వేసవిలో అదే లివర్‌పూల్ లూయిస్ సువారెజ్‌ని బార్సిలోనాకి అమ్మింది. ప్రపంచకప్‌లో ఇటలీ డిఫెండర్ కియెల్లినీ భుజం కొరికి నాలుగు నెలల నిషేధంలో ఉన్న మనిషి, కొరకడం అది మూడోసారి. బార్సిలోనా అతను ఎక్కడ ఆడాలో ముందే తేల్చుకుని, నిషేధం తీరే అక్టోబరు దాకా ఆగి దింపింది. ఆ సీజన్‌లో స్పెయిన్ లీగ్, కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. చాంపియన్స్ లీగ్ ఫైనల్లో సువారెజ్ గోల్ కూడా ఉంది.

కాంటొనా 1995 అక్టోబరు 1న లివర్‌పూల్ మీద తిరిగి ఆడాడు. రెండో నిమిషంలోనే నికీ బట్‌కి గోల్ అందించాడు, తర్వాత పెనాల్టీ కొట్టాడు. కుర్రాళ్లతో ఏమీ గెలవలేరని టీవీ విశ్లేషకుడు అలన్ హాన్సెన్ తీర్మానించింది ఈ యునైటెడ్ జట్టు గురించే. జనవరిలో న్యూకాజిల్ 12 పాయింట్ల ముందుంది. వసంతంలో కాంటొనా వరసగా గోల్స్ కొడుతూ పోయాడు. న్యూకాజిల్ మీద 1-0, ఆర్సెనల్ మీద 1-0, టాటెన్‌హామ్ మీద 1-0, కావెంట్రీ మీద 1-0. ప్రతిసారీ ఆ ఒక్క గోల్ అతనిదే. లీగ్ గెలిచారు. ఎఫ్.ఎ. కప్ ఫైనల్ చివరి నిమిషాల్లో లివర్‌పూల్ మీద గెలుపు గోల్ కూడా అతనిదే. ఆ తర్వాతి సీజన్‌కి కెప్టెన్ అయ్యాడు, మరో లీగ్ గెలిచాడు. 1997 మేలో, ముప్ఫై ఒకటైనా నిండకుండానే, ఆట చాలించాడు. ఈసారి నిజంగానే. అయిదు సీజన్లలో నాలుగు లీగ్ టైటిళ్లు, 185 మ్యాచ్‌లు, 82 గోల్స్.

ఇంటర్నెట్‌లో అతని పేరు కొడితే మొదట వచ్చేది ఆ సెల్‌హర్స్ట్ పార్క్ తన్నే. అది చూశాక 1996 మార్చి 4 నాటి న్యూకాజిల్ మ్యాచ్ గోల్ కూడా వెతికి చూడండి. మొదటి సగమంతా గోల్‌కీపర్ ష్మైకెల్ ఒంటిచేత్తో జట్టుని కాపాడాడు. రెండో సగంలో ఎడమవైపు నుంచి బంతి గాల్లో వచ్చింది, దూరపు స్తంభం దగ్గర కాంటొనా కింద పడకముందే వలలోకి కొట్టాడు. ఆ బంతి అందించింది ఫిల్ నెవిల్, ప్రాక్టీసు తర్వాత ఇంటికి వెళ్లకుండా ఆగిన తరం కుర్రాడు. అప్పుడతనికి 19 ఏళ్లు.